తూకానికి రాని స్ట్రైకర్

క్యారమ్స్‌కు నేను పెట్టిన రూల్సే చివరికి నా మెడకు చుట్టుకున్నాయి.

ఎనభైల మొదట్లో దబీర్‌పురాలో ఒక సేటు తన గోదాము ముందుగదిని సాయంత్రాలు మాకు వదిలేసేవాడు. అందులో మూడు బోర్డులు. కొత్తవాళ్ళు చిన్న బోర్డు మీద ఆడాలి. గెలుస్తూ పోతే మధ్య బోర్డు, ఆపైన పెద్ద బోర్డు. కంచన్‌బాగ్ వైపు ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేసే ఉద్యోగం నాది కనుక రూల్స్ పెట్టే పని నా నెత్తిన వేశారు. నాకూ ఇష్టమే. ఫ్యాక్టరీలో నన్ను పట్టించుకునేవాడు లేడు గానీ పెద్ద బోర్డు ముందు కూర్చుంటే అందరూ ఉస్తాద్ అనేవారు.

అసలు తంటా స్ట్రైకర్లతో. మంచిది చేతికి దొరికితే గురి కుదరనివాడు కూడా పైకి ఎక్కేస్తాడు. పైవాళ్ళు ఇంకా బరువైనవి తెచ్చుకుంటే కిందివాడు జన్మలో పైకి రాలేడు. అందుకని కింది రెండు బోర్డులకూ క్లబ్బు స్ట్రైకరే అన్నాను. పెద్ద బోర్డు మీద సొంతది తెచ్చుకోవచ్చు, కానీ పక్క దుకాణంలోని కంసాలి త్రాసులో దాని బరువు మా హద్దు దాటకూడదు. కొన్నాళ్ళు అంతా సవ్యంగా నడిచింది.

అంతలో గాజుల దుకాణం నడిపే ఒకాయన మధ్య బోర్డు గెలిచి పైకి వచ్చాడు. సొంత స్ట్రైకర్ కొనుక్కుని, దర్గా దగ్గరి ముసలాయనతో దానికి దమ్ చేయించుకొచ్చాడు. అంటే ఆయన ఏదో చదివి దాని మీద ఊదాడన్నమాట. ఇక మావాళ్ళు ఆయన చేతిలో వరసగా ఓడిపోయారు. పెద్ద లొల్లి అయింది.

"గిది నడవదన్నా! మంత్రమేసిన దాని ముందల ఎవడు గెలుస్తడు?" అని అందరూ నా మీద పడ్డారు.

స్ట్రైకర్‌ను త్రాసులో వేయించాను. హద్దులోనే ఉంది. "తూకానికి రానిది రూల్‌కు గూడ రాదు. ఊదితే ఏం బరువు పెరుగుతది?" అన్నాను దర్జాగా.

అనేశాను గానీ, ఆదివారం ఆయనతో ఆట నాదే. ఓడినవాడు మధ్య బోర్డుకు దిగాలి. ఆ వారమంతా నా కాలు ఒకచోట నిలవలేదు. ఫ్యాక్టరీలో సరుకు కొలిచే గేజి పట్టుకుంటే వేళ్ళు వాటంతటవే స్ట్రైకర్ కొడుతున్నట్టు కదిలేవి. అన్నం ముందు నుంచి లేచి మళ్ళీ కూర్చునేవాణ్ణి.

"గిట్ల తిరిగితే నేల అరుగుతది. నీది గూడ ఇయ్యి, హన్మాండ్ల గుడిల దేవుని కాళ్ళకాడ పెట్టిస్త," అంది నా భార్య. కసురుకున్నాను. నిజానికి ఇచ్చేద్దామా అనిపించి, ఆ అనిపించినందుకే కోపం వచ్చింది.

ఆదివారం పొద్దున ఇంకో రూల్ తోచింది. ప్రతి ఆటకూ ఇద్దరం స్ట్రైకర్లు మార్చుకోవాలి. దమ్ ఉంటే ఇద్దరికీ ఉంటుంది, లేకపోతే గొడవే లేదు. గాజులాయన నవ్వి సరేనన్నాడు.

చెరొక ఆట గెలిచాం. ఆఖరి ఆటకు ఆయన స్ట్రైకర్ నా వంతుకు వచ్చింది. ఇద్దరికీ ఒక్కో కాయినే మిగిలింది. నాది పాకెట్ అంచునే ఉంది, చంటిపిల్లాడైనా వేస్తాడు. స్ట్రైకర్ తీసుకున్నాను. నా చెయ్యి నన్నడక్కుండానే దాన్ని కళ్ళకు అద్దుకుంది.

గదంతా గొల్లున నవ్వింది. నా ముఖం మండిపోయింది. ఆ కంగారులోనే కొట్టాను. కాయిన్ పడింది, దాని వెనకే స్ట్రైకర్ కూడా పడింది. ఫౌల్! నా కాయిన్ మళ్ళీ బోర్డు మధ్యకు వచ్చింది, వంతు ఆయనకు పోయింది. ఆయన ఏ దమ్మూ లేని నా స్ట్రైకర్‌తో నెమ్మదిగా తన కాయిన్ వేసేశాడు.

"దమ్‌కు తూకం లేదంటివి గదా భాయ్, మరి కండ్లకెందుకు అద్దుకున్నవ్?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు.

మర్నాడు మధ్య బోర్డు దగ్గర కూర్చున్నాను. ఎవరూ ఉస్తాద్ అనలేదు. చేతిలో అంచు అరిగిపోయిన క్లబ్బు స్ట్రైకర్, ఎవరూ ఏమీ ఊదనిది. కొట్టబోతూ అటూ ఇటూ చూశాను. నా వైపు ఎవరి చూపూ లేదని రూఢి చేసుకుని, దాన్ని కూడా కళ్ళకు అద్దుకున్నాను.