రేడియోలో మా అమ్మ గొంతు

సరిహద్దులో కాల్పులు మొదలవగానే మా తమ్ముడి ఫోను ఆగిపోయింది. సిపాయిలెవరూ ఫోన్లు వాడకూడదని పైనుంచి ఆర్డరట. టేకులపల్లి దగ్గర మా తండాలో అమ్మ తిండి మానేసి ఫోను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. అప్పుడు రేడియో స్టేషన్ నుంచి కబురొచ్చింది. జవాన్ల కోసం రోజూ సాయంత్రం పాటలు వేస్తున్నారు, పాటకు ముందు ఇంటివాళ్ల మాట వినిపిస్తారు, మీ అమ్మను తీసుకురండి అని. అది సరిహద్దు పోస్టుల దాకా అందేలా ఏర్పాటు చేశారట. నేను టీచర్ని. బడికి సెలవు పెట్టి అమ్మను తీసుకెళ్లాను.

బస్సులో దారంతా అమ్మ గొంతు సవరించుకుంటూనే ఉంది. తమ్ముడికి చిన్నప్పుడు జ్వరమొస్తే పాడే పాట ఒకటుంది, మా లంబాడీలో. అది పాడి, వాడు పెంచిన మేక ఈనిందని చెబుతానంది.

మైకు ముందు కూర్చోగానే పాట ఎత్తుకుంది. మొదటి చరణం కాకముందే అక్కడి అధికారి చెయ్యి ఊపి ఆపేశాడు.

“ఇదేం భాష?”

“లంబాడీ సార్. మా ఇంట్ల మాట్లాడేది ఇదే.”

“తెలుగులో చెప్పించండి మేడం. ఆమె ఏమంటోందో మాకు తెలియాలి కదా. అసలే యుద్ధం టైము. ఎవరు ఏం కబురు పంపుతున్నారో ఎట్లా నమ్మేది?”

ఒక్కో మాటకు అర్థం రాసిస్తానన్నాను. వినలేదు. ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. ‘దేశం కోసం నిన్ను కన్నందుకు గర్వపడుతున్నాను నాయనా’ అని ఉంది అందులో. అమ్మకు చదువు రాదు. నేను చెబుతుంటే అనబోయింది. ‘గర్వపడుతున్నాను’ దగ్గర ప్రతిసారీ నాలుక మడత పడింది. వెనక ఎవరో నవ్వారు. అమ్మ కొంగుతో చెమట తుడుచుకొని మళ్లీ మొదలుపెట్టింది. చివరికి ఆ అధికారి, “సరేలే అమ్మా, మేం చూసుకుంటాం,” అని చాయ్ తెప్పించాడు.

మరునాడు తండా అంతా మా వాకిట్లో చేరింది. రేడియోలో తమ్ముడి పేరు చదివారు. తరువాత ఎవరో ఒకామె, సినిమాలో తల్లిలా గొంతు వణికిస్తూ, “నాయనా, నేను మీ అమ్మను,” అంది. కాగితంలో ఉన్నదంతా ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. వెంటనే దేశభక్తి పాట వేశారు.

“ఎవలే గామె?” అంది మా పెద్దమ్మ.

అమ్మ లేచి మేకలకు నీళ్లు పెట్టడానికి పోయింది.

కాల్పులు ఆగాక తమ్ముడు ఫోను చేశాడు. హలో అని కూడా అనలేదు.

“అక్కా, నిజం చెప్పు. యాడి ఉందా, పోయిందా?”

యాడి అంటే మా మాటలో అమ్మ.

“గదేం మాటరా? నా పక్కనే ఉంది.”

“మరి రేడియోల ఎవరు? యాడి గొంతు నాకు తెల్వదా? పోయింది, నాకు చెప్తలేరు అనుకున్న. బంకర్ల అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను మూలకు తిరిగి ఏడ్చిన.”

అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. ఇక మాటలు ఆపదనుకున్నాను. కానీ నాకు తెలిసి మొదటిసారి కొడుకుతో తెలుగులో మాట్లాడింది.

“మంచిగున్న బిడ్డా. నువ్వు మంచిగున్నవా?”

“మన మాట మాట్లాడు యాడీ!” అని అవతల వాడు అరుస్తున్నాడు.

అమ్మ ఫోను చేత్తో మూసి, నాతో మాత్రం లంబాడీలో గుసగుసగా అంది: “ఎవలన్న వింటరేమో. వాని నౌకరికి ఏమన్నయితే?”

ఎవరూ వినరని ఎంత చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. సెలవుకు వచ్చినప్పుడు, ఫోనులోనూ మన మాటే మాట్లాడమని వాడూ బతిమాలాడు. ఇంట్లో ఉన్నన్నాళ్లు ఇద్దరూ లంబాడీలోనే పోట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. వాడు తిరిగి వెళ్లాక ఫోను వస్తే మాత్రం, తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ అయిపోగానే అమ్మ ఫోను నాకిచ్చేస్తుంది.