ప్రార్థన చేయించిన బ్యాగు

కొన్న వస్తువును తిరిగిచ్చేదాకా సుశీలమ్మకు నిద్ర పట్టదని రాయ్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్లందరికీ తెలుసు. రైల్వే ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లు నర్సుగా చేసి రిటైరైన రోజున శాలువా కప్పి పంపిస్తే, అంచు పోగులు లేచాయని, బిల్లు ఎవరి దగ్గరుందో కనుక్కుని మరీ సాయంత్రానికల్లా మార్చుకొచ్చిందట.

ఆవిడ వీధి మలుపు తిరగడం చూస్తే చాలు, గోల్ బజార్‌లో సామాన్ల కొట్టు ప్రేమ్‌చంద్ టీ గ్లాసు పక్కన పెట్టి స్టూలు తుడిచేవాడు. కుక్కరు ఈల ముక్కుతో వేస్తోందని ఒకసారి, ఫ్లాస్కులో టీ తన కోపం కన్నా ముందే చల్లారిపోతోందని ఇంకోసారి. చెప్పుల కొట్లో అయితే నాలుగో నంబరు జోడు బల్ల మీద పెట్టి, కరుస్తున్నాయంది. ఆవిడ పాదం ఎనిమిదో నంబరు. కరవక ఏం చేస్తాయన్నాడు కొట్టువాడు. కరవని చెప్పులు అమ్మడం నీ పనా, నా పనా అని అడిగింది. చెప్పులు మారాయి.

ఈ యుద్ధాలన్నిటికీ సాక్షి మేనకోడలు స్వాతి. చిన్నప్పుడు అత్త చెయ్యి పట్టుకుని బజారుకు వెళ్లడం, అక్కడ సిగ్గుతో తల వంచుకుని నిలబడడం ఆ పిల్లకు అలవాటే. అందుకే పెరిగి పెద్దయి, మాల్‌లో ఖరీదైన హ్యాండ్‌బ్యాగుల షోరూములో ఉద్యోగం రాగానే ఇంట్లో ఒకటే షరతు పెట్టింది. షోరూము పేరు అత్తకు చెప్పకూడదు.

ఆ షోరూములో బ్యాగును తెల్ల గ్లౌజులు తొడుక్కుని ముట్టుకోవాలి. వాపసు ఇవ్వాలంటే పద్నాలుగు రోజుల్లోపు తేవాలి, ట్యాగు ఉండాలి, బ్యాగు వాడి ఉండకూడదు. మేనేజరు వీరేంద్ర ఆరు నెలల్లో ఒక్క బ్యాగు కూడా వెనక్కి తీసుకోలేదు. స్వాతి ఉద్యోగం పర్మనెంటు అయ్యేదీ లేనిదీ శనివారం తేలుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం అత్త రానే వచ్చింది, చేతిలో షోరూము బ్యాగుతో. స్వాతి చప్పున తల వంచుకుంది. కానీ అత్త మేనకోడలిని ఎవరో పరాయి పిల్లను చూసినట్టు చూసి, తిన్నగా వీరేంద్ర దగ్గరికి నడిచింది.

పట్టీ కుట్టు ఊడిందని ఆవిడ చూపించింది. వీరేంద్ర బ్యాగు తెరిచాడు. లోపల చర్చి కానుక కవరు దొరికింది. ఇంకేముంది, వాడేశారన్నాడు.

కోస్తా నుంచి వచ్చి కాలనీలో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబాల్లో కొత్త వస్తువు ఏదైనా ముందు ఆదివారం గుడికి వెళ్లాలి. స్వాతి ఇంట్లో మిక్సీ కూడా పాస్టరుగారి చెయ్యి పడ్డాకే పప్పు రుబ్బింది. ఈ బ్యాగూ అలాగే వెళ్లింది, వస్తూ వస్తూ కవరును కడుపులో దాచుకొచ్చింది.

"ప్రార్థనా కర్‌నే సే బ్యాగ్ ఘిస్‌తా హై క్యా?" అంది సుశీలమ్మ.

ప్రార్థన చేస్తే బ్యాగు అరిగిపోతుందా అని ఇంతవరకూ ఎవరూ వీరేంద్రను అడగలేదు. అతను తేరుకునేలోపు ఆవిడ సోఫాలో కూర్చుని టిఫిను డబ్బా తెరిచింది. చేపల పులుసు. విదేశీ అత్తరు వాసన ఒక్క నిమిషంలో ఓడిపోయింది.

వీరేంద్ర ముక్కు మూసుకుని, ఈ మేడమ్‌కు రూల్సు కార్డు చదివి వినిపించమని స్వాతికి బిల్లూ కార్డూ అందించాడు. బిల్లు మీద పేరు రెబెకా, చిరునామా నర్సుల హాస్టలు. స్వాతి చర్చిలో చూసిన పిల్లే, నిరుడు భీమవరం నుంచి వచ్చింది, ఇంకా హిందీ సరిగ్గా రాదు. తను సెలవులో ఉన్న మంగళవారం ఎవరో అమ్మాయి బ్యాగు తెచ్చి, మాట్లాడలేక ఏడ్చి వెళ్లిపోయిందని స్వాతి విన్నది. ఆ అమ్మాయి ఈమే.

నాలుగో నంబరు చెప్పులు ఎందుకు కరిచాయో స్వాతికి అప్పుడు తెలిసింది. ఆ కుక్కరూ, ఫ్లాస్కూ కూడా భాష రాని ఏ కొత్త నర్సువో. సొంతానికి అత్త ఏం కొన్నది గనక? ఆవిడ భుజాన వేలాడే సంచికి జిప్పు పోయి, పిన్నీసు పెట్టి ఇరవయ్యేళ్లు. ఇన్నాళ్లూ తను సిగ్గుపడింది ఈ మనిషిని చూసా? స్వాతికి తన మీద తనకే ఒళ్లు మండింది.

కార్డు గట్టిగా చదివింది. వాడిన బ్యాగు వాపసు తీసుకోబడదు అనేదాకా రాగానే వీరేంద్ర చాలన్నాడు.

"కింద ఇంకో లైనుంది సర్," అని స్వాతి ఆగకుండా చదివింది. కుట్టులో లోపముంటే, వాడినా సరే, పద్నాలుగు రోజుల్లో పూర్తి సొమ్ము వాపసు.

వీరేంద్ర చూపుకు స్వాతి తల వంచలేదు. అత్త పులుసు డబ్బా మూత పెట్టింది.

రెబెకా డబ్బు రెబెకాకు చేరింది. శనివారం స్వాతిని తీసేద్దామనే వీరేంద్ర అనుకున్నాడు గానీ, షోరూము కార్డును షోరూములో చదవడం నేరమని ఏ కాగితం మీద రాస్తాడు? పర్మనెంటు చేసి, ఆ కసికొద్దీ వాపసు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ కుర్చీ స్వాతికి పుట్టింటిలా ఉంది.

పర్మనెంటు అయ్యాక వచ్చిన మొదటి జీతంతో అత్తకు గోల్ బజార్‌లో ఒక మామూలు బ్యాగు కొంది.

"బిల్లేదే?" అంది సుశీలమ్మ.

"ఇదిగో అత్తా. వారంలోపు మార్చుకోవచ్చంట."

ఆవిడ అద్దాలు పెట్టుకుని, జిప్పు పదకొండుసార్లు లాగి, కుట్లన్నీ గోటితో గీకి చూసింది. పట్టీ దగ్గర ఒక కుట్టు వంకరపోయింది. అది ఇద్దరూ చూశారు. సుశీలమ్మ బిల్లును నాలుగు ముక్కలుగా చింపింది.

"ఆదివారం పాస్టరుగారితో ప్రార్థన చేయిస్తా," అంది. "ఆ తర్వాత ఎవడేమన్నా ఇది వాడేసిన బ్యాగే, వాపసు లేదు."