పడమటి హద్దు వంక

“మీ అర్జీలో పేర్కొనిన వంకను పరిశీలించి తొలగించడమైనది.”

ప్రణాళికా కార్యాలయం నుంచి వచ్చిన ఆ జవాబును మూడుసార్లు చదివాను. బతుకంతా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఆ వాక్యంలో వ్యాకరణదోషం ఒక్కటీ కనబడలేదు. అందుకే నాకు మరింత మంట పుట్టింది.

తిరుపతిలో ఏ నేలలో ఏమి కట్టవచ్చునో నిర్ణయించే నియమాలను మారుస్తూ, కొత్త పటాన్ని ప్రజల ముందు పెట్టి, అభ్యంతరాలుంటే రాసి ఇమ్మన్నారు. మా వీధి వెనుక, కొండమీది వాననీటిని కిందికి దించే వంక ఉంది. ఏడాదిలో అధికభాగం ఎండి ఇసుకగా పడి ఉంటుంది. వానలు పడితే మాత్రం దాని దారికి ఎవరూ అడ్డు నిలువలేరు. పటంలో ఆ చోట నీటి గుర్తే లేదు. లాడ్జీలు కట్టుకోదగిన వాణిజ్యస్థలమని రంగు నింపారు. అక్కడ పునాదులు లేస్తే ఆ నీరు మా ఇళ్లలోకే రావాలి. అందుచేత “మా వీధికి పడమట ఒక వంక కలదు, దయతో గమనింపవలెను” అని రాసి ఇచ్చాను. దానికి వచ్చిన జవాబు అది.

పక్కింటి ఆటో అతనికి చదివి వినిపించాను. వీధిలో అందరికన్నా పల్లాన ఉన్నది అతని ఇల్లే.

“వంకను ఎత్తేసినారా! ఆ సంగతి నీళ్లకు సెప్పినారా సామీ?” అన్నాడు.

సోమవారం అర్జీల రోజు. అతని ఆటోలోనే ఇద్దరమూ వెళ్లాం. అధికారి కోస్తా నుంచి బదిలీపై వచ్చినవాడు, వినయవంతుడు. కుర్చీ వేయించాడు.

“వంక అంటే వంకర అనుకున్నామండీ మాస్టారూ. మీ వీధి మలుపు సరిచేసేశాం, చూడండి.”

పటంలో మా వీధి బద్ద పెట్టి గీసినట్లు తిన్నగా ఉంది. ఆటో అతను వంగి చూసి, “నా వంటిల్లు యాడికి పాయె? ఈడ రోడ్డుండాదే!” అని గోలపెట్టాడు.

అధికారి నొచ్చుకున్నాడు. “మలుపు మళ్లీ పెట్టేస్తాం. దాంతోపాటు వంక బదులు కాలువ అని రాసివ్వండి, అదీ ఎక్కించేస్తాం.”

“రాసీ సామీ,” అని ఆటో అతను నా మోచేయి పొడిచాడు. “నీళ్లు నా ఇంట్లోకి రాకుంటే సాలు. పేరుతో ఏం పని?”

“పేరుతోనే పని అప్పా,” అన్నాను. అధికారి వైపు తిరిగాను. “కాలువ మనిషి తవ్వినది. రేపు మళ్లిస్తారు, పైన పలకలు పరిచి అంగళ్లు కట్టిస్తారు. ఈ వంకను తవ్వినవారెవరో కనుక్కోండి. వారి అనుమతి తెచ్చి పూడ్చండి.”

సంచిలోంచి మా నాయన ఇల్లు కొన్ననాటి దస్తావేజు తీసి, హద్దులు పైకి చదివాను. “పడమర, వంక.” కింద సర్కారు ముద్ర ఉంది. “మీ ఆఫీసుకు ఈ మాట తెలియకపోవచ్చును. సర్కారుకు తెలుసు.”

అతను కలం తీశాడు. “పక్కన అర్థం రాయమంటారా?”

“వద్దు. తెలియనివారు వానలో మా వీధికి వచ్చి చూస్తారు.”

రసీదులో వంక అనే రాశాడు. ఆటో అతని వంటింటిని గురించి రెండో వాక్యం రాసేదాకా నేను లేవలేదు.

మలుపు తిరిగి వచ్చింది. వంక మీది రంగు ఇంకా మారలేదు. పై అధికారి సంతకం కావాలట. కావచ్చును. ఆ సంతకం పడేదాకా ప్రతి సోమవారమూ ఆ కుర్చీ నాదే.