అత్తమ్మ మొక్కిన వెండి చెవులు

మాది వరంగల్‌లోని మట్టెవాడ. రెండేళ్ల క్రితం మా వారు, ఫోన్‌తో సౌండ్ తగ్గించుకునే యాంప్లిఫయర్ కొన్నారు. నేను మేడ మీద ఆఫీసు పని చేసుకుంటుంటే, కింద హాల్లో అత్తమ్మ పొద్దంతా దాంట్లో భక్తి పాటలు గట్టిగా పెట్టుకునేది. అడిగే ధైర్యం లేక, పైనుంచే ఫోన్‌లో తగ్గించేదాన్ని. ఆమె లేచి పెంచేది. కాసేపాగి మళ్లీ తగ్గించి, లోలోపల నవ్వుకునేదాన్ని.

నెల తిరిగేసరికి అత్తమ్మ ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుంది.

"నా చెవులు పోతానయి బిడ్డా. వింటాంటెనే పాట సన్నగైపోతాంది. నా కొడుక్కు చెప్పకు, ఫికర్ చేస్తడు."

మర్నాడు ఆటోలో హనుమకొండకు, చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పరీక్షలు చేసి, "చెవులు మంచిగున్నయమ్మా" అన్నాడు. అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అమ్మవారికి వెండి చెవులు మొక్కిన బిడ్డా. తల్లి నా మొర ఆలకించింది. తోడొచ్చినవ్ కదా, హుండీల నీ చేత్తోనే ఎయ్యాలె."

గుడికెళ్లి, వేశాను. ఆ రెండు చిన్న చెవులు అరచేతిలో ఉన్నంతసేపూ తలెత్తి అమ్మవారిని చూడలేకపోయాను. ఇంటికి రాగానే ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేశాను.

ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ అత్తమ్మ ఆ మహిమ చెబుతుంది. నేను టీ పెట్టే నెపంతో వంటింట్లోకి తప్పుకుంటాను. ఆమెకు చదవడం రాదు కాబట్టే ఇదంతా ఇక్కడ రాయగలిగాను. ఎవరైనా చదివి వినిపిస్తే మాత్రం, ఆమెకు బాగానే వినబడుతుంది.