కింద ఇంటాయనకి వేవర్ వచ్చింది

ఎనభైల మొదట్లో నేపర్‌విల్‌లో మేం అద్దెకున్న ఇంట్లో ప్రతి ఆదివారం మనుషుల బేరాలు జరిగేవి. మావారి ఆఫీసు స్నేహితులు నలుగురైదుగురికి, చేత్తో బంతి పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి. ఆటలు ఉన్నన్నాళ్ళు టీవీ ముందు కూర్చున్నారంటే పోనీలే అనుకోవచ్చు. శీతాకాలంలో ఆటలు అయిపోయాక కూడా వచ్చేవారు. పేపరు పరుచుకుని, మా ఊరి జట్టు ఎవణ్ణి ఇచ్చి ఎవణ్ణి తెచ్చుకోవాలి, ఎవణ్ణి వదిలించుకోవాలి అని వేసవి చివరిదాకా వాదించుకునేవారు. వాళ్ళలో ఒక్కరూ ఆ బంతి చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. ఒకాయనకి మా మెట్లెక్కేసరికే ఆయాసం. ఆయనే నా పకోడీలు నములుతూ, "వాడు మరీ స్లో అండీ, ట్రేడ్ చేసి పారెయ్యాలి" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ పారెయ్యాల్సిన మనిషి సరిగ్గా మా కింద ఇంట్లోనే ఉండేవాడు. భారీ మనిషి, నెమ్మదస్థుడు. ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళని అడ్డుకోవడం అతని పని. అదీ అసలు ఆటగాడికి దెబ్బ తగిలినప్పుడే. నేను కిరాణా సంచులతో మెట్ల దగ్గర కనిపిస్తే అన్నీ ఒక్క చేత్తో పైకి తెచ్చిపెట్టేవాడు. అతని భార్య టీచరు. జట్టు మారినప్పుడల్లా ఊరు మారి, ప్రతి ఊళ్ళోనూ ఎవరో సెలవు పెడితే వాళ్ళ బదులు పాఠాలు చెప్పి వచ్చేసిన మనిషి. పెళ్ళయ్యాక ఏ ఇంట్లోనూ కర్టెన్లు కట్టలేదట. కిటికీలకి దుప్పట్లు కొట్టుకుని బతికామని నవ్వుతూ చెప్పేది. ఆ ఏడు మా ఊరి బళ్ళో రెండో తరగతికి ఆవిడని పర్మనెంటుగా తీసుకున్నారు. ఆ సాయంత్రమే పసుప్పచ్చ పూలగుడ్డ తెచ్చుకుని నా కుట్టుమిషన్ ముందు కూర్చుంది. కిటికీలు కొలిచి, ఇద్దరం కలిసి కర్టెన్లు కుట్టాం. ఇక ఈ ఊరు వదలను అంది.

ఆ వసంతంలోనే మా జట్టు ఎక్కడినుంచో పేరుమోసిన ముందు వరస ఆటగాణ్ణి తెచ్చుకుంది. కింద ఇంటాయన ఆడే చోటుకే. మా సోఫా మీద పండగ. "సూపర్ మూవ్ అండీ!" అని ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు ఊపుకున్నారు. కాళ్ళ కింద నేల అదురుతుంటే కింద ఆవిడకి ఎలా వినిపిస్తోందో అని నా ప్రాణం గిలగిలలాడింది.

ఆ సోఫా సంగతీ చెప్పాలి. కొన్నది కాదు. ఈ దేశంలో అక్కర్లేని సామాను వీధి వార పెడతారు, కావలసినవాళ్ళు ఎత్తుకుపోవచ్చు. మావారు, ఆయన తమ్ముడు అలా మోసుకొచ్చిందే. నా మరిది అంతకు ముందు శీతాకాలంలోనే చదువుకోవడానికి వచ్చాడు. ఆటల సంగతి వాడికి ఓనమాలు తెలియవు. యూనివర్సిటీ వాడికి ఫీజు మాఫీ చేసింది. దాన్ని వేవర్ అంటారు. ఆ ఉత్తరం వచ్చిన రోజు మా ఇంట్లో దేవుడికి కొబ్బరికాయ కొట్టాం. మాకు అంతకన్నా మంచి ఇంగ్లీషు మాట లేదు.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున మరిది పేపరు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"వదినా, కింద అంకుల్‌కి వేవర్ వచ్చింది! పేపర్లో వేశారు!"

బరువెక్కువున్నాడని ఆటల ముందు పెట్టే శిక్షణ క్యాంపులో అతనికి జరిమానా వేశారని ఆవిడ అంతకు ముందే చెప్పింది. అదే మాఫీ అయిందనుకున్నాడు పిచ్చివాడు. నేనూ అదే అనుకున్నాను. డబ్బాలో ఉన్న రవ్వలడ్డూలు ఇచ్చి పంపాను.

కాసేపటికి దిగులు మొహంతో తిరిగొచ్చాడు. "కంగ్రాచులేషన్స్ చెప్పాను వదినా. ఎందుకని అడిగిందావిడ. వేవర్ వచ్చింది కదా, నాకూ వచ్చింది, చాలా లక్కీ అన్నాను. లడ్డూలు తీసుకుంది. థాంక్స్ చెప్పి తలుపు వేసేసుకుంది."

సాయంత్రం మావారు వచ్చి చెబితేగానీ తెలియలేదు. "వేవర్స్‌లో పెట్టారంటే తీసేశారని. ఇంకే టీమ్ అయినా కావాలంటే తీసుకోవచ్చు."

"అంటే వీధి వార పెట్టారన్నమాట" అన్నాను. ఆయన సోఫా వంక చూశారు. నాకు అసహ్యం వేసింది. జరిమానా మాఫీ చేసేదానికీ మనిషిని విసిరేసేదానికీ ఒకటే మాట పెట్టుకున్నారు, సిగ్గులేనివాళ్ళు!

పడమటి తీరాన ఏదో జట్టు అతన్ని ఏరుకుంది. బడి తెరిచి ఇంకా పిల్లల పేర్లు నోటికి రాకముందే ఆవిడ రాజీనామా ఇచ్చింది. కర్టెన్లు విప్పి మడతపెట్టి, తర్వాత తీసుకుంటానని నా దగ్గర పెట్టి వెళ్ళింది. అక్కడివాళ్ళు నెల తిరక్కుండానే వదిలేశారు. ఇక్కడ పేరుమోసినాయన నడుం పట్టేసి పడుకున్నాడు. మా జట్టువాళ్ళు మళ్ళీ ఇతనికే ఫోన్ చేసి రమ్మన్నారు. ఇద్దరూ వచ్చి మోటెల్లో దిగారు. కింద ఇంట్లో అప్పటికే వేరేవాళ్ళున్నారు. ఆవిడ బళ్ళో వేరే టీచరుంది.

నవంబరులో ఒక ఆదివారం ఆవిడ మా ఇంటికి వచ్చింది. టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. మావారు ఏదో పనిమీద బయటికెళ్ళారు, ఆటకని వచ్చిన ఆయన స్నేహితులు టీవీ ముందున్నారు. టీవీలో ఆవిడ భర్త ఒకసారి తడబడి పడ్డాడు.

"చూశారా, టోటల్లీ యూజ్‌లెస్ అండీ" అన్నాడు ఆయాసమాయన.

"ఆఫ్‌సీజన్‌లో వీణ్ణి కట్ చేసెయ్యాలి, డెడ్ వెయిట్!" అన్నాడు ఇంకొకాయన.

కప్పులు పట్టుకుని వచ్చి కళ్ళతో సైగ చేశాను.

"పర్లేదు వదినగారూ, తెలుగులోనే కదా మాట్లాడుకుంటున్నాం" అన్నాడు ఆయాసమాయన, ఎంతో నిశ్చింతగా.

తెలుగట! అందులో తెలుగు ఏముంది? అండీ ఒక్కటే. ఆ తిట్లు ప్రతి ఒక్కటీ ఆవిడ పుట్టి పెరిగిన భాషలోవే. ఆవిడ ఆ సోఫా అంచునే కూర్చుని ఉంది. మొహం మాత్రం కదల్లేదు. నేను లోపల్నుంచి తెచ్చిచ్చిన కర్టెన్లు ఒళ్ళో పెట్టుకుని కాసేపు నిమిరి, తిరిగి నా చేతికిచ్చింది.

"ఏ కిటికీకని తీసుకెళ్ళను?" అంది. మరిది వంక తిరిగి, "ఈసారి కూడా వేవర్ వచ్చిందా?" అని అడిగింది.

వాడు తలూపాడు.

"మంచిది. ఒక్కచోటే ఉండి చదువుకో" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే నేనూ మరిదీ ఆ సోఫాని మెట్ల మీంచి ఈడ్చుకెళ్ళి వీధి వార పెట్టాం. మావారు అడ్డం రాలేదు. మరుసటి ఆదివారం మామూలుగానే అందరూ దిగబడ్డారు. టీవీ ముందు ఖాళీ చూసి ఆయాసమాయన నిలబడిపోయాడు.

"సోఫా ఏదండీ వదినగారూ?"

నేను నోరు తెరిచేలోపే మరిది అందుకున్నాడు.

"వేవర్స్‌లో పెట్టేశామండీ."

నేలమీద కూర్చోడానికి ఆయాసమాయన మోకాళ్ళు వంగలేదు. గోడకి ఆనుకుని నిలబడే ఆట చూశాడు. కిటికీకి ఆ పసుప్పచ్చ కర్టెన్లు కట్టాను. మా కిటికీలూ కింద ఇంటివీ ఒకటే కొలత.