దిష్టి కాదని తేలిన రోజు

2012 ఎండాకాలంలో, ఇంగ్లండ్ నుంచి మూడు వారాల సెలవు మీద శంషాబాద్‌లో అక్క ఇంటికి వచ్చాను. వచ్చిన రోజే నాలుగుసార్లు స్నానం చేశాను. ఎండలకు తట్టుకోలేక అనుకుంది అక్క. నేనూ అదే నిజమన్నట్టు తల ఊపాను.

అసలు సంగతి వేరు. ఇంగ్లండ్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో నేను నర్సుని. టీ తాగే గదిలో నేను కూర్చోగానే నాతో పనిచేసే ఒకామె లేచి కిటికీ తెరిచేది, బయట మంచు పడుతున్నా సరే. ఇంకొకామె నేను లేచిన కుర్చీ మీద సెంటు కొట్టేది. మొహం మీద ఎవరూ ఒక్క మాట అనలేదు, మహా మర్యాదస్తులు! పై అధికారికి చెప్పుకుంటే, మీ వంటలు కొంచెం ఘాటు కదా అని నవ్వాడు. ఆ రోజు నుంచి పోపు పెట్టడం మానేశాను. బ్రెడ్డు తిన్నాను. కోటు రోజూ ఉతికాను. అయినా కిటికీ తెరుచుకుంటూనే ఉంది. చివరికి నా ఒంటి నుంచి నాకే వాసన రావడం మొదలైంది. బస్సులో ఎవరి పక్కనా కూర్చోలేకపోయేదాన్ని. ఎవరికైనా చెబితే పిచ్చిదంటారని భయం. చెప్పకుండా తిరిగి వెళ్తే బతకనేమోనని అంతకంటే పెద్ద భయం.

అక్క కళ్ళు కప్పడం ఎవరి తరం? మూడో రోజు పొద్దున్నే పట్టుకుంది.

"ఏందే, గిన్నిసార్లు తానం చేస్తున్నవ్? ఒళ్ళు అరిగిపోదా? తిండి లేదు, నిద్ర లేదు. నీకు ఎవరిదో దిష్టి తగిలింది."

గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. మా ఇళ్ళలో లెక్క ఒకటే. దిష్టి తగిలి ఉంటే ఎన్ని మిరపకాయలు కాలినా ఘాటు రాదు. తగలకపోతే ఇల్లంతా దగ్గాలి.

ఇల్లంతా దగ్గింది. బావ ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. పైన కిరాయికి ఉన్నవాళ్ళు ఏం కాలుతోందంటూ దిగివచ్చారు. ఇంకెవరైనా అయితే మరో గుప్పెడు తిప్పేవాళ్ళు. మా అక్క మిరపకాయలతో వాదించే మనిషి కాదు.

"దిష్టి అయితే కాదు. మరి ఏందో చెప్పు," అంది కళ్ళు తుడుచుకుంటూ.

తప్పించుకునే దారి లేదు. "అక్కా, నా దగ్గర వాసనొస్తదా?" అని అడిగేశాను.

అక్క నా తల దగ్గరికి లాక్కుంది. "సబ్బు వాసన తప్ప ఏం లేదే."

ఈ పొగలో నీకేం తెలుస్తది అన్నాను. వాకిట్లోకి ఈడ్చుకుపోయి మళ్ళీ వాసన చూసింది. మళ్ళీ అదే మాట. నేను మళ్ళీ నమ్మలేదు. ఇది వాసన సంగతి కాదని అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. అక్కడే గచ్చు మీద కూలబడి, ఏడుస్తూ, కిటికీ దగ్గర్నుంచి అన్నీ చెప్పాను. ఆ ఇంగ్లండ్ ఆడవాళ్ళను అక్క తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

"రేపు దవాఖానకు పోదాం."

"పిచ్చిదంటరక్కా."

"మిరపకాయలకు కానిది డాక్టరుకు చూపిస్తే తప్పేంది? అనేటోళ్ళు నా ముంగటికొచ్చి అనాలె!"

అత్తాపూర్‌లో డాక్టరమ్మ నా మాటలకు అడ్డు రాకుండా అంతా విన్నది. "ఇది జబ్బే, మందులకు తగ్గుతుంది. వాళ్ళు చేసింది మాత్రం అవమానం. దానికి మీలో తప్పు వెతుక్కోకండి," అంది. జబ్బు అనే మాట అంత హాయిగా వినబడుతుందని నాకు తెలియదు. సెలవు పొడిగించుకున్నాను. పూర్తిగా తేరుకోవడానికి నెలలే పట్టింది.

డాక్టరమ్మను చూసిన రోజు తిరుగు బస్సు కిటకిటలాడింది. అక్కకు ముందెక్కడో, నాకు వెనక సీటు దొరికింది. నా పక్కన కూరగాయలమ్మే ముసలమ్మ ఖాళీ గంపతో కూర్చుంది. లేచి నిలబడదామని కడ్డీ పట్టుకున్నాను. ఆలోపే ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. శంషాబాద్ వచ్చేదాకా లేవలేదు. నేనూ లేవలేదు.