హాలుకి రండి

మా నర్సుల సంఘం మీటింగులకి ఎప్పుడూ మనుషులకంటే కుర్చీలే ఎక్కువ. కార్యదర్శిని నేనే కాబట్టి నోటీసు రాసేదీ, అంటించేదీ, టైముకి హాలు తలుపు తీసి కూర్చునేదీ నేనే. మర్నాటికల్లా నా నోటీసు మీద ఎవరో డ్యూటీ చార్టు అంటించేసేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి కొన్నేళ్లయింది. ఉతై నుంచి బస్సులో వచ్చి భిలాయిలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పనిచేసే తెలుగు పిల్ల ఉండేది. వాడిన గ్లవుజులే ఉతికి మళ్లీ ఇస్తున్నారేమని అడిగినందుకు ఆమెని తీసేశారు. సంఘం తరఫున యజమాని దగ్గరికి వెళ్లాలంటే సభ్యులంతా కలిసి తీర్మానం చేయాలి. కోరం లేక మీటింగు రెండుసార్లు వాయిదా పడింది. ఈసారీ ఇంతే అయితే చీరల దుకాణంలో చేరిపోతానని ఆ పిల్ల నాతో చెప్పేసింది. ఆమె సూది వేస్తే పసిపిల్లలు కూడా ఏడవరు. అలాంటి చెయ్యి చీరలు మడతపెట్టుకోవడమేంటి!

స్నేహితులు ఒకరికొకరు స్క్రాపులు రాసుకునే సైటు అప్పుడే కొత్తగా వచ్చింది. నర్సులకి అందులో ఒక కమ్యూనిటీ పెడదామని వార్డులో నా జూనియరు అంది. ఫొటోలు చూసుకుని మురిసిపోయే చోట సంఘమేంటని కసిరాను. ఆమె వినలేదు. వారం తిరక్కుండా నన్ను సెక్టర్ 2 నెట్ సెంటరుకి లాక్కెళ్లింది. తెరమీద ఒకదాని కింద ఒకటి పేర్లు. కుమ్హారిలో ఒంటరిగా డిస్పెన్సరీ నెట్టుకొచ్చే సిస్టరు ఉంది. నాతో ట్రైనింగు చేసి గల్ఫ్ వెళ్లిపోయిన స్నేహితురాలు ఉంది. ఇంతమందిమి ఉన్నామా అని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. గంట అయిపోయిందని సెంటరాయన రెండుసార్లు చెప్పినా లేవబుద్ధి కాలేదు.

చేరారు గానీ ఒక్కరూ పలకరు. జూనియరు సెలవు మీద రాయపూర్ వెళ్లిన రోజు, నాకూ వచ్చేసిందన్న పొగరుతో మీటింగు కబురు నేనే టైపు చేశాను. భిలాయి తెలుగువాళ్లం మాట హిందీలో మొదలెట్టి తెలుగులో ముగిస్తాం. 'సబ్ సిస్టర్స్ సండే చార్ బజే హాల్ మే' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను, సిస్టర్లంతా ఆదివారం నాలుగింటికి హాలుకి అని. చివర రమ్మనడానికి 'ఆనా' అంటే ఆర్డరు వేసినట్టుంటుందని, మర్యాదగా మన 'రండి' పెట్టాను.

హిందీలో ఆ అక్షరాలు చదివితే వేశ్య అని అర్థం. ఆడదాన్ని తిట్టాలనుకున్నవాడి నోట మొదట వచ్చే మాట అది. వీధిలో దాన్ని గట్టిగా అనకూడదని ఇక్కడ ప్రతి తెలుగు తల్లీ పిల్లలకి నేర్పుతుంది. మా అమ్మా నా నోటికి నేర్పింది. వేళ్లకి మాత్రం నేర్పలేదు.

మర్నాడు ఊర్నుంచి దిగుతూనే జూనియరు పరుగెత్తుకొచ్చింది. "ఏటి రాసీసారు దీదీ?" అంది. వెళ్లి చూస్తే పేజీలకి పేజీలు జవాబులు. ఎవరీ సెక్రటరీ, ఆదివారం వచ్చి మొహం చూస్తాం అని. సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే తీసెయ్యమన్నాను. ఆమె మౌస్ మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"వొద్దు దీదీ. అందరూ వొస్తామంటన్నారు."

ఆదివారం నాలుగింటికి హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద కూర్చున్నారు. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినవాళ్లు యూనిఫారంలోనే గోడలకి ఆనుకుని నిలబడ్డారు. నన్ను దులిపెయ్యడానికే వచ్చారని తెలుసు. అయినా వాళ్లని చూస్తుంటే నా ఒళ్లు గగుర్పొడిచింది. అన్నేళ్లూ నేను ఖాళీ కుర్చీల ముందు కూర్చుంటే, వీళ్లంతా ఇంత దగ్గరలోనే ఉన్నారు.

కుమ్హారి సిస్టరు లేచింది. నాకంటే పెద్దది, ఛత్తీస్‌గఢీ మనిషి. ఆ మాట పేషెంట్ల తాలూకు మగాళ్ల నోట చాలాసార్లు విన్నాననీ, సాటి సిస్టరు నోట వినడం ఇదే మొదటిసారనీ హిందీలో అంది. ఎందుకన్నావని అడిగింది. మా భాషలో అది పెద్దవాళ్లని ఇంట్లోకి పిలిచే మాట దీదీ అని చెప్పాను. ఆవిడ ఆ మాటని తనలో తను రెండుసార్లు అనుకుంది.

"సరే, వచ్చాం. ఎందుకు పిలిచావు?" అంది.

ఉతై పిల్లని ముందుకి పిలిచాను. ఆమె గ్లవుజుల సంగతి చెబుతుంటే గోడ దగ్గర నిలబడ్డవాళ్లు తమ చేతులు చూసుకున్నారు. తీర్మానానికి లేచిన చేతులు లెక్కపెడదామంటే నా కళ్లకి ఏమీ కనబడలేదు.

అంతమంది సంతకాలు చూశాక యజమాని దిగొచ్చాడు. ఆ పిల్ల మళ్లీ డ్యూటీలో చేరే రోజు పొద్దున్నే కుమ్హారి సిస్టరు నాకంటే ముందు వచ్చి నర్సింగ్ హోమ్ గేటు పక్కన నిలబడింది. పిల్ల బస్సు దిగి వస్తుంటే ఆవిడ గేటు తలుపు బార్లా తీసి పట్టుకుని, అందరికీ వినబడేలా తెలుగులో ఒక్క మాట అంది.

"రండి."

వాచ్‌మన్ ఉలిక్కిపడ్డాడు. పిల్ల మాత్రం తలెత్తి లోపలికి నడిచింది.